నీళ్లు నిలవని చోటు

ఆగస్టు 10, ఆదివారం

ఈ నోటుబుక్కు పాపది. ముందు ముప్పై ఒక్క పేజీలు తను రాసింది. ఆ తర్వాత ఖాళీ. ఆ ఖాళీ పేజీలు అలా వదల్లేను. అందుకే రాస్తున్నాను. నేను చదివింది ఐదో క్లాసు, మిషన్ బడిలో. తప్పులుంటాయి. చదివేవాళ్లు లేరు కాబట్టి దిద్దేవాళ్లూ లేరు.

ఏంజెలిన్ పోయి నలభై తొమ్మిది రోజులు. డెంగీ జ్వరం. ఇరవై ఏళ్లు. బీసీఏ చివరి సంవత్సరం.

ఇవాళ ఇంతే.

ఆగస్టు 12

మారికుప్పంలో పొద్దున బండి ఎక్కాను. బెంగళూరు ఆఫీసులో రెండంతస్తులు ఊడ్చి, తుడిచి, సాయంత్రం బండికి వచ్చాను. మా బోగీ ఆడవాళ్లు నాకు కిటికీ పక్కన చోటు ఇస్తున్నారు. ముందెప్పుడూ ఇచ్చినవాళ్లు కాదు.

మాది బంగారు మైన్ కూలీలకు వరసగా కట్టిన లైన్ ఇల్లు. వెనక తలుపు దగ్గర ఎర్ర గచ్చు మీద వెంట్రుకంత గీత కనబడింది. పాతదే అయ్యుంటుంది. పాపే ఇల్లు తుడిచేది, నేను ఎప్పుడు చూశాను గనక.

ఆగస్టు 16, శనివారం

పాప కాలేజీ మేడం వచ్చింది. రక్షిత మేడం. కంప్యూటర్ చెబుతుంది, మాలూరు నుంచి రోజూ వస్తుంది. వెంట మునిశంకర్ అని పాప క్లాసు అబ్బాయి. బూదికోట వాళ్లు, ఇంట్లో పట్టుపురుగులు సాకుతారట. చేతిలో సంచీ నిండా మామిడి తాండ్ర తెచ్చాడు. పాపకు ఇష్టమని తెచ్చాడో, ఊరికే తెచ్చాడో అడగలేదు.

మేడం పాప పుస్తకాలు ఒక్కొక్కటే తీసి చూసింది. తర్వాత, "అమ్మా, శనివారం శనివారం మీరు కాలేజీకి వస్తారా?" అంది.

"ఊడ్చేదానికా మేడం?" అన్నాను. నిజంగానే అడిగాను.

మేడం కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. మునిశంకర్ చెప్పాడు. "కాదమ్మా. ఏంజెలిన్ పని చేసిన యాప్ ఉండాది కదా, దాన్ని తెలుగులోకి మారుస్తా ఉండాము. మా తెలుగు బుక్కు తెలుగు. మీ మాట కావాల."

ఆ యాప్ సంగతి పాప చెప్పేది. నాకు సగం అర్థమయ్యేది. వరదలొచ్చినా, భూమి కదిలినా, ఎటు పోతే బతుకుతారో, ఎటు పోతే చస్తారో ఫోనులో చూపించేది. ఏ కంపెనీదీ కాదు. యాడాడి దేశాలవాళ్లో తలా ఇంత చేస్తారు. లోపల ఎలా చేశారో తెరిచి పెట్టేస్తారు, ఎవరైనా చూడొచ్చు, తప్పుంటే చెప్పొచ్చు. చర్చిలో మాత పండగకు తేరు లాగినట్టా అని పాపను అడిగాను ఒకసారి. "అట్లే అమ్మా, కానీ తాడు కంటికి కనబడదు" అంది.

మేడం తన క్లాసు పిల్లలకు ఆ తాడు పట్టుకోవడం నేర్పిస్తుంది. పరీక్షకు కాదు, మార్కులకు కాదు.

పోతానని చెప్పాను.

ఆగస్టు 23, శనివారం

పోయాను. ల్యాబులో చెప్పులు బయట విడవమన్నారు. ఇరవై మంది పిల్లలు లేచి నిలబడ్డారు. నాకు సిగ్గేసింది.

మునిశంకర్ తెర మీద ఒక మాట చూపించాడు. గుంతలు, పగుళ్లు ఉన్నచోట వచ్చే మాట. వాళ్లు రాసింది, "ప్రమాదకర ప్రాంతము. ప్రవేశము నిషిద్ధము."

"ఇట్లా రాస్తే ఎవురూ పోరా?" అని అడిగాను.

"పోరు కదమ్మా?"

"ఏమప్పా, మా లైన్ చుట్టూరా అట్లాంటి బోర్డులు ఎన్ని ఉండాయి! దాని నీడలోనే కూర్చోని బీడీ తాగుతారు. ఆ మాటకి ఎవురికీ భయం లేదు."

పిల్లలంతా నవ్వారు. మేడం అడిగింది. "మరి మీరైతే ఎట్ల చెప్తారమ్మా?"

"కింద బోలు. కాలు పెట్టొద్దు."

ఎవరూ నవ్వలేదు. మునిశంకర్ అదే టైప్ చేశాడు. అలా ఏడెనిమిది మాటలు చెప్పాను. అవి ఎక్కడికో పోతాయట, ఎవరో చూసి సరే అంటే అందులో చేరతాయట.

వచ్చేముందు మేడం యాప్‌లో మన ఊరు కేజీఎఫ్ చూపించింది. బొమ్మలో రైలు పట్టాలు, మైన్ నుంచి తీసి పోసిన సైనైడ్ మట్టి దిబ్బలు, మా లాంప్‌రూమ్ లైన్. లైన్ వెనక మైదానంలో ఒక పచ్చ చుక్క. దాన్ని నొక్కితే ఇంగ్లీషులో రాసి ఉంది. అపాయం వస్తే జనం చేరవలసిన చోటు. రెండు వందల మంది పడతారు. కింద ఏంజెలిన్ పేరు.

"ఇదొక్కటే తను పూర్తిగా చేసింది. లోకమంతా కనిపిస్తుందమ్మా. మనం పోయినా ఉంటుంది," అంది మేడం.

తెర మీద వేలు పెట్టాను. చుక్క మీద కాదు. పేరు మీద.

ఆగస్టు 24

మైదానం నడుమ ఆ పాత గుంత నింపేశారు. నేను చూశాను.

ఆగస్టు 31, ఆదివారం

నిన్నటి నుంచి వాన. మైదానమంతా మడుగులు. పిల్లలు కాగితం పడవలు వేస్తున్నారు. నడుమ మాత్రం పొడి. పాప ఆ పొడి చూసే ఆ చోటు ఎంచుకుంది. దాని నోటుబుక్కు పన్నెండో పేజీలో రాసుకుంది. "చదునుగా ఉందా? ఉంది. ఖాళీగా ఉందా? ఉంది. వానకు నీళ్లు నిలుస్తాయా? అస్సలు నిలవవు!!" రెండు గీతలు పెట్టింది సంతోషంతో.

మైన్‌లో పనిచేసిన ఇంటి ఆడదానికి ఎవరూ చెప్పక్కర్లేదు, నీళ్లు ఎక్కడ నిలవవో. ఎందుకు నిలవవో.

పాప పుట్టేసరికి మైన్ మూసేసి నాలుగేళ్లు. దానికి ఎవరు చెప్తారు.

గచ్చు మీద గీతలో ఇప్పుడు దారం పడుతుంది.

సెప్టెంబరు 6, శనివారం

నా మాట ఒప్పుకున్నారట. "కింద బోలు. కాలు పెట్టొద్దు." ఇంక ఈ యాప్‌లో తెలుగు పెట్టుకున్నవాళ్లు ఎక్కడున్నా ఆ మాటే చూస్తారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నా పేరు కూడా రాశారు. లూర్దమ్మ.

తర్వాత మునిశంకర్ కుర్చీ లాగి పక్కన కూర్చున్నాడు. "అమ్మా, ఏంజెలిన్ చుక్క ఊరికే ఒప్పుకోలేదు వాళ్లు. ఎన్ని ప్రశ్నలు వేసినారో చూడండి." చదివి తెలుగులో చెప్పాడు.

ఎక్కడో దూరదేశం ఆమె అడిగింది. పాత మ్యాపులో ఇక్కడ మైన్‌లోకి దిగే షాఫ్టు గుంత ఉన్నట్టు ఉంది, అది ఏమైంది?

పాప రాసింది. నింపేశారు. తొమ్మిది లారీల రాయి పోశారు.

ఆమె మళ్లీ అడిగింది. నీకు ఎలా తెలుసు?

పాప రాసింది. మా అమ్మ దగ్గరుండి చూసింది.

అయితే సరే, అని ఆమె రాసింది. ఆ పొద్దే చుక్క పచ్చబడింది.

"మీ మాట అప్పుడే ఎక్కిపోయింది అమ్మా ఇందులో," అని నవ్వాడు మునిశంకర్.

బస్సు ఎక్కకుండా నడిచి వచ్చాను.

సెప్టెంబరు 8, సోమవారం. మాత పండగ

తేరు వచ్చింది. మేళం వచ్చింది. లైన్ వాళ్లంతా కొత్త బట్టలు. మా వీధి పెద్ద సుందర్‌రాజ్ అన్న తాడు ముందు పట్టుకున్నాడు. అరవై ఎనిమిదేళ్లు. మా ఆయన క్లెమెంటూ ఆయనా ఒకే షిఫ్టులో దిగేవాళ్లు. మా ఆయన మైన్ దుమ్ము ఊపిరితిత్తుల్లో పెట్టుకుని పదకొండేళ్ల కింద పోయాడు. అన్న ఉన్నాడు, దగ్గుతూ.

తేరు మైదానం దగ్గరికి రాగానే అన్న తాడు ఎడమకు లాగాడు. ప్రతి ఏడూ అంతే. మైదానం నడుమ నుంచి పోతే దగ్గర. కానీ తేరు చుట్టూ తిరిగే పోతుంది. కొత్తగా వచ్చినవాళ్లు అది ఆచారం అనుకుంటారు.

రాసేస్తాను. ఇక్కడ కాకపోతే ఎక్కడ రాస్తాను.

ఆరేళ్ల కింద వానల్లో అక్కడ నేల దిగింది. పాత షాఫ్టు నోరు. మంచం పట్టేంత. అంతకు ముందేడే పంప్‌హౌస్ లైన్‌లో ఇలాగే దిగితే, ఎవరో పోయి ఆఫీసర్లకు చెప్పారు. చెప్పిన నెలకు ఆ లైన్ అంతా ఖాళీ చేయించారు. ఎక్కడో నీళ్లు లేని, తలుపుల్లేని కట్టడాల్లో పడేశారు. ముసలివాళ్లు ముగ్గురు ఆ ఎండాకాలమే పోయారు.

అందుకని మా లైన్‌లో ఆదివారం చర్చిలో పూజ అయ్యాక ఆరుగురం చేరాం. పాత పట్టాలు రెండు అడ్డంగా వేశాం. వాటి మీద తగరపు రేకులు. రేకుల మీద సైనైడ్ దిబ్బ మట్టి. దాని మీద గడ్డి పెళ్లలు. నేను పదిహేడు గంపల మట్టి మోశాను. తర్వాత మాత గూడు ముందు నిలబెట్టి అన్న అందరిచేతా మాట తీసుకున్నాడు. ఇంట్లో పిల్లలకు కూడా చెప్పకూడదని.

లారీ ఒక్కటి కూడా రాలేదు.

సెప్టెంబరు 13, శనివారం

మేడం సంతోషంగా ఉంది. కాలేజీవాళ్లు ఒప్పుకున్నారట. అక్టోబరు 11 శనివారం పొద్దున ప్రాక్టీసు. నిజంగా అపాయం వచ్చినట్టు సైరన్ మోగిస్తారు. మా లైన్ బడి పిల్లలు నూట నలభై మంది, కాలేజీ పిల్లలు, ఫోన్ చూసుకుంటూ పచ్చ చుక్క దగ్గరికి పరుగెత్తుకుని వస్తారు. ఎంత సేపట్లో చేరారో లెక్క కట్టి, యాప్‌లో ఏం బాగాలేదో రాసి ఆ దేశాలవాళ్లకు పంపుతారు.

"ఆ చోటికి పేరు పెడదామనుకుంటున్నాం అమ్మా. ఏంజెలిన్ మైదానం."

పిల్లలంతా నా మొహం చూస్తున్నారు.

"బాగుంది," అన్నాను.

సెప్టెంబరు 14

పట్టాలు గట్టివి. ఇనుము. ఆరేళ్లుగా ఏం కాలేదు.

సెప్టెంబరు 15

ఇనుము తుప్పు పట్టదా.

సెప్టెంబరు 21, ఆదివారం

పూజ అయ్యాక సుందర్‌రాజ్ అన్న ఇంటికి పోయాను. అరుగు మీద కూర్చుని రేడియోకు బ్యాటరీ వేస్తున్నాడు. చెప్పాను.

"నూట నలభై మందా!" అన్నాడు. కాసేపు బ్యాటరీ అటూ ఇటూ తిప్పాడు. "వాన ఉంటే రారు లే."

"వాన లేకుంటే?"

"ఏం లూర్దమ్మా, మొన్న పిల్లోళ్లు ఆడ క్రికెట్టు ఆడలేదా? ఏమన్నా ఆయనా?"

"ఆడినోళ్లు పన్నెండు మంది అన్నా. అదీ అంచున. నడుమకి బంతి పోతే నువ్వే కేకలేసి వెనక్కి పిలుస్తావు. నేను చూడలేదా."

ఆయన మొహం మారింది. "ఇంగ ఏమి చేయమంటావు? పోయి చెప్పు. చెప్పి రా. ముప్పై ఆరిండ్లు. మా ఆవిడ మంచంలో ఉండాది, దాన్ని ఎత్తుకోని యాడికి పోదును? నీకేమమ్మా. నీకు ఇంగ ఎవురుండారు, యాడైనా ఉంటావు."

అన్నాక ఆయనకే తెలిసింది, ఏమన్నాడో. "అట్ల కాదు లూర్దూ," అన్నాడు.

నేను లేచి వచ్చేశాను. ఆయన చెప్పింది నిజమే. నాకు ఎవరున్నారు. తెర మీద ఒక పేరు ఉంది.

సెప్టెంబరు 28

గచ్చు పగులులో అగ్గిపుల్ల పడుతుంది. వెనక తలుపు మూస్తే కింద పట్టేస్తోంది. ఎదురింటి కుక్క మైదానం మీదుగా వచ్చేది, ఇప్పుడు రోడ్డు చుట్టి వస్తోంది.

పొద్దున ఎవరూ లేనప్పుడు ఒక బిందె నీళ్లు తీసుకుపోయి నడుమ పొడి చోటు అంచున పోశాను. దూరంగా నిలబడి, చెయ్యి చాచి. నేల తాగేసింది. బిందె వంచినంతసేపూ తాగింది. గుటక వేసినట్టు ఒక శబ్దం, అంతే. తడి కూడా మిగల్లేదు.

చుట్టూ చూశాను. ఎవరూ చూడలేదు.

అక్టోబరు 4, శనివారం

ల్యాబులో ఇవాళ కొత్త పిల్లలు కూడా ఉన్నారు. మేడం వాళ్లకు మొదటినుంచి చెబుతోంది. నేను వెనక బెంచీలో.

"కోడ్ రాయడం రాదని భయపడొద్దు. ముందు చూడండి. తప్పు కనబడితే చెప్పండి. దాచి పెట్టేవాడి కన్నా చెప్పేవాడే ఈ పనికి ఎక్కువ అవసరం. మనం దాచిన తప్పు మీద నమ్మకం పెట్టుకోని ఇంకొకడు నడుస్తాడు."

ఒక అమ్మాయి లేచింది. "మేడం, మనవాళ్లు చేసిందే తప్పయితే?"

"అప్పుడు ఇంకా తొందరగా చెప్పాల."

"వాళ్లకి బాధ అవుతుంది కదా మేడం?"

"అవుతుంది," అంది మేడం. "అయితే ఏం?"

నేను లేవబోయాను. లేచాను కూడా. మేడం చూసి, "ఏం అమ్మా?" అంది.

"బండికి టైమైంది," అన్నాను.

శనివారం నాకు ఏ బండీ లేదు. మేడంకు తెలుసో లేదో.

మునిశంకర్ గేటు దాకా వచ్చాడు. బోర్డు చూపించాడు. తనే రంగు వేశాడు. ఏంజెలిన్ మైదానం. పచ్చ రంగు మీద తెల్ల అక్షరాలు. "నడుమన గుంత తీసి పాతుదామమ్మా, అందరికీ కనిపిస్తుంది. శుక్రవారం గడ్డపార తెస్తాను."

అక్టోబరు 7

రాయకుండా ఉన్నది ఒకటుంది.

ఆస్పత్రిలో నాలుగో రోజు. ప్లేట్‌లెట్లు పడిపోయాయి. పాప మాటలు ముద్దగా వచ్చేవి. నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా. ఆ గుంతలో రాయి పోసినారు కదా. నిజంగా."

"పోసినారమ్మా."

"తొమ్మిది లారీలే కదా."

"తొమ్మిదే."

"నువ్వు చూసినావు కదా."

"చూసినాను."

"సరే అయితే," అని కళ్లు మూసుకుంది. మర్నాడు మధ్యాహ్నం పోయింది.

అది ఎందుకు అడిగింది. జ్వరంలో పిల్లలు ఏదో అడుగుతారు. ఎన్ని అడగొచ్చు. నీళ్లు అడగొచ్చు. అదే ఎందుకు అడిగింది. దానికి అనుమానం వచ్చింది. వచ్చి నా నోటితో మళ్లీ వినాలనుకుంది. నేను చెప్పి ఉంటే, ఆ మంచం మీంచే మేడంకు ఫోన్ చేయించేది. నా బిడ్డ అలాంటిది.

తొమ్మిది అని నేనే పుట్టించాను. పది అంటే నమ్మదని తొమ్మిది అన్నాను.

అక్టోబరు 8, బుధవారం

పొద్దున మారికుప్పం స్టేషన్‌లో బండి ఎక్కి, మళ్లీ దిగాను. బండి పోయింది. కాలేజీ తెరిచేదాకా గేటు దగ్గర నిలబడ్డాను.

మేడంకు చెప్పాను. అంతా. పట్టాలు, రేకులు, మట్టి, గంపలు, మాట తీసుకోవడం. ఆస్పత్రి కూడా. ఆమె తల పట్టుకుని కూర్చుంది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ప్రాక్టీసు అక్కడ జరగదు. ముందు అది," అంది. ఎవరెవరికో ఫోన్లు చేసింది. తర్వాత, "అమ్మా, ఆ చుక్క మార్చాల. నేను రాస్తాను. మీ పేరు రాకుండా రాస్తాను. లైన్‌లో మీకు కష్టమవుతుంది," అంది.

"వద్దు మేడం. మా అమ్మ చూసింది అని రాసింది నా బిడ్డ. చూసినదాన్ని నేనే చెప్పాల."

మునిశంకర్‌ను పిలిపించింది. వాడు విని, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. శుక్రవారం గడ్డపార తెచ్చేవాడు. ఆ సంగతి వాడికీ గుర్తొచ్చిందని వీపు చూస్తేనే తెలిసింది.

తప్పు చెప్పాలంటే మూడు ప్రశ్నలకు జవాబు రాయాలట. పాప నోటుబుక్కులో తొమ్మిదో పేజీలో కూడా ఉన్నాయి. నేను కాగితం మీద రాశాను, వాడు దాన్ని ఎక్కించాడు, కింద ఇంగ్లీషులో కూడా వాడే రాశాడు. నేను రాసింది ఇక్కడ మళ్లీ రాసుకుంటున్నాను.

ఏం ఉండాలనుకున్నారు? గట్టి నేల.

ఏం ఉంది? కింద బోలు. పాత షాఫ్టు నోటి మీద పట్టాలు, రేకులు వేసి మట్టి కప్పాము. రాయి పోయలేదు. లారీ రాలేదు. ఏంజెలిన్‌కు అబద్ధం చెప్పింది ఆమె తల్లి లూర్దమ్మ. ఏంజెలిన్ తప్పు లేదు.

ఇంకొకరు చూడాలంటే ఏం చేయాలి? దూరంగా నిలబడి ఒక బిందె నీళ్లు పోయండి. కాలు పెట్టొద్దు.

నొక్కాలా అని వాడు అడిగాడు. నేనే నొక్కాను.

అక్టోబరు 9

ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు, మైదానం చుట్టూ టేపు కట్టారు. ఇంటింటి గోడకు అంటించేదానికి ఖాళీ చేయమనే కాగితాలు తెస్తామని చెప్పి పోయారు. ముప్పై ఆరిండ్లు.

అక్టోబరు 10

కుళాయి దగ్గర నా బిందె తీసి పక్కన పెట్టారు. ఎవరూ గట్టిగా ఏమీ అనలేదు. ఒకామె మాత్రం నాకు వినిపించేలా పక్కామెతో అంది. "బిడ్డ పోతే పోయె. బిడ్డ పేరు కూడా తల్లే తుడిచిపెట్టె."

ఖాళీ బిందె తెచ్చుకున్నాను.

అక్టోబరు 11, శనివారం

ప్రాక్టీసు చర్చి ఆవరణలో జరిగింది. సైరన్ ఇంటికి వినిపించింది. నూట నలభై మంది అడుగులు రోడ్డు మీద. గడప మీద కూర్చుని విన్నాను. ఒక్క అడుగు కూడా వెనక మైదానం వైపు రాలేదు.

మధ్యాహ్నం మునిశంకర్ వచ్చాడు, ఫోన్ పట్టుకుని. చుక్క ఎర్రగా ఉంది. మీద నా మాట. కింద బోలు. కాలు పెట్టొద్దు.

"పేరు పోయింది కదప్పా," అన్నాను.

"ఇందులో ఏదీ పోదమ్మా." వేలితో కిందికి జరిపాడు. పాత సంగతులన్నీ వరసగా ఉన్నాయి. ఏంజెలిన్, ఫిబ్రవరి 14, చోటు క్షేమం. దాని కింద లూర్దమ్మ, అక్టోబరు 8, చోటు క్షేమం కాదు. దాని కింద ఆ దూరదేశం ఆమె ఏదో రాసింది. ఏమని, అంటే వాడు చదివి చెప్పాడు. "తల్లి చూసిందంటే ఆ రోజూ నమ్మాను, ఈ రోజూ నమ్ముతున్నాను, అని రాసింది."

పాప పేరు పోలేదు. దాని తప్పూ పోలేదు. ఎవరు వచ్చి చూసినా ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి, నా అబద్ధంతో కలిపి.

వాడు తాండ్ర పెట్టి పోయాడు. బోర్డు ఏం చేశాడో అడగలేదు.

అక్టోబరు 15

కాగితాలు ఇంకా అంటించలేదు. టేపు తెంపేశారు. సుందర్‌రాజ్ అన్న తెంపుతుంటే చూశాను. సాయంత్రం నలుగురు మగవాళ్లు మైదానం అంచున కుర్చీలు వేసుకుని కూర్చున్నారు, మా ఇంటి వైపు చూస్తూ, "యాడమ్మా బోలు? యాడ?" అని. ఒకడు లేచి ఎగిరి దూకి చూపించాడు.

నేల ఏమీ అనలేదు.

అక్టోబరు 17

వాన.

అక్టోబరు 18

వాన. మైదానమంతా నీళ్లు. నడుమ పొడి చోటు పెద్దదయింది. ముందు గది అంత ఉండేది. ఇప్పుడు మా ఇంటి వెనక గోడ దాకా వచ్చింది.

అక్టోబరు 19, ఆదివారం

పెన్సిల్‌తో రాస్తున్నాను.

పొద్దున వెనక తలుపు తెరుచుకోలేదు. వంగి గచ్చు చూశాను. పగులు పొయ్యి దాకా వచ్చింది. ఎంత వెడల్పో చూద్దామని పాప పెన్ను పెట్టాను. ఇన్నాళ్లూ దీన్ని రాసింది ఆ పెన్నుతోనే. పట్టింది. పట్టి, జారిపోయింది.

పడిన చప్పుడు కోసం చెవి ఆనించాను. మా ఆయన చెప్పేవాడు, రాయి వేసి లెక్క పెట్టాలని. లెక్క పెట్టాను. వంద దాకా పెట్టాను.

సుందర్‌రాజ్ అన్న ఇంటికి వానలోనే పోయాను. తలుపు తీసి, నన్ను చూసి, మళ్లీ వేసేయబోయాడు.

"అన్నా. నా ఇంటి గచ్చులో పెన్ను పడింది. చప్పుడు రాలేదు."

"ఎంత లెక్క పెట్టినావు?"

"వంద."

ఆయన నా మొహం చూశాడు. ఇరవై ఏళ్లకు పైగా కిందికి దిగి పైకి వచ్చినవాడు. వంద అంటే ఏమిటో ఆయనకు నేను చెప్పక్కర్లేదు. అడ్డం పెట్టిన చెయ్యి తలుపు మీంచి దిగింది.

"నీ వరసలో ఎంతమంది పిల్లోళ్లు ఉండారు?" అన్నాడు.

"పదకొండు."

"ముందు వాళ్లని చర్చికి తోలు. నేను ఈ వరస చూస్తాను. మా ఆవిడ మంచం మోసేదానికి ఇద్దరిని పిలువు." చెప్పులు వెతుక్కున్నాడు. ఒకటే దొరికింది. ఒకటి వేసుకునే బయటికి వచ్చాడు, మొదటి ఇంటి తలుపు కొట్టాడు.

పిల్లలను పంపాను. పదకొండు మందీ చేరారని కబురొచ్చింది. మంచం ఇప్పుడే పోతోంది, నలుగురు మోస్తున్నారు, అన్న గొడుగు పట్టాడు. మా వరసలో ఇంకా రెండు తలుపులు తెరవలేదు. ఆదివారం, నిద్ర. మొన్న ఎగిరి దూకినవాడి ఇల్లు వాటిలో ఒకటి.

నేను ఈ నోటుబుక్కు కోసం వెనక్కి వచ్చాను. గడప మీద నిలబడే రాస్తున్నాను. లోపల గిన్నెలు వాటంతట అవే సన్నగా మోగుతున్నాయి.

ఆ రెండు తలుపులు కొట్టాలి.